4కె డిస్కులు కొన్నవాళ్ళకు మళ్ళీ బీటామాక్స్ గతి పడుతుందా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. మీరు ఇటీవల 4కె సినిమా డిస్కులు చూపే అల్ట్రా హెచ్‌డీ బ్లూరే ప్లేయర్ కొన్నారు, పాతిక డిస్కుల దాకా చేర్చారు. వెలుగునీడల తేడాను పెంచి చూపే హెచ్‌డీఆర్ పద్ధతుల్లో మీ టీవీలో హెచ్‌డీఆర్10+ ఉంది గాని డాల్బీ విజన్ లేదు. డిస్కుల అట్టల మీద చూస్తే చాలావాటికి డాల్బీ విజన్ ముద్రే ఉంది. ప్లేయర్‌కూ టీవీకీ మధ్య బొమ్మను టీవీకీ ధ్వనిని స్పీకర్లకూ పంపే ఆడియో రిసీవర్, 2013లో కొన్నది, ఒకటి ఉంది. మీ నాన్నగారు ఒకప్పుడు అందరికంటె ముందు, తరువాత వీహెచ్‌ఎస్ చేతిలో ఓడిన బీటామాక్స్ వీడియో క్యాసెట్ మెషీన్ కొని చేతులు కాల్చుకున్నారు కనుక, ఇప్పుడు మీరూ అదే పని చేశారేమోనన్న శంక పట్టుకుంది. ఆయన రికార్డు చేసిన క్యాసెట్లు ఒక పెట్టెడు ఇంకా ఉన్నాయి, వాటినేం చేయాలని కూడా అడిగారు.

డిస్కుల గురించి దిగులు పడనక్కరలేదు. రిసీవర్ గురించి కొంచెం పడాలి. క్యాసెట్ల గురించి ఈ వారమే పడాలి. మీరు ప్రశ్నను రాసిన వరుసకు ఇది సరిగ్గా తలకిందులని నాకు తెలుసు. ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా ఇళ్ళలో వాడే వీడియో మెషీన్లు బాగుచేశాను. కొన్నేళ్ళుగా పాత టేపులను ఫైళ్ళలోకి ఎక్కించడమే ప్రధానమైన పని. ఇన్నేళ్ళలో నా బల్ల మీదకు వచ్చిన కేసులను తలుచుకుంటే, ఫార్మాట్ ఓడిపోయినందువల్ల తమ బొమ్మలను పోగొట్టుకున్నవారు తక్కువ. గెలిచిన ఫార్మాట్‌నే కొని, ఆ ఒక్క పేరు కింద దాగి ఉన్న తేడాల వల్ల పోగొట్టుకున్నవారు చాలా ఎక్కువ. ముందుగా కొనేవారు పోటీలో ఎవరు గెలుస్తారా అని చూస్తూ ఉంటారు, దెబ్బ మాత్రం వేరే దిక్కు నుంచి తగులుతుంది.

బీటామాక్స్ కథే తీసుకోండి. సోనీ దాన్ని 1975లో విడుదల చేసింది, మరుసటి ఏడు జేవీసీ వీహెచ్‌ఎస్‌ను తెచ్చింది. రెండింటిలోనూ అర అంగుళం వెడల్పు టేపే. అయితే మొదటి బీటా క్యాసెట్‌లో గంటసేపే పట్టేది, వీహెచ్‌ఎస్ మొదటినుంచీ రెండు గంటలు ఇచ్చింది. సినిమా ఒక క్యాసెట్‌లో పడుతుందా లేదా అన్నది ఏ సాంకేతిక జ్ఞానమూ లేనివారికి కూడా అర్థమయ్యే తేడా. సోనీ టేపు వేగాన్ని సగానికి తగ్గించి రెండు గంటలు సాధించేసరికి, 1977లో అమెరికాలో ఆర్‌సీఏ పేరుతో దిగిన వీహెచ్‌ఎస్ మెషీన్లు తామూ వేగం తగ్గించి నాలుగు గంటలు చూపించాయి. చివరకు 1988లో సోనీయే వీహెచ్‌ఎస్ మెషీన్లు చేయడం మొదలుపెట్టింది. ఇంతవరకు అందరికీ తెలిసినదే.

తక్కువగా చెప్పుకునేది తరువాతి కథ. బీటామాక్స్ రికార్డర్ల తయారీని సోనీ 2002 దాకా ఆపలేదు. ఖాళీ క్యాసెట్లు 2016 మార్చి వరకు సరఫరా చేసింది. వీహెచ్‌ఎస్ మెషీన్లు తయారుచేసేవారిలో చివరగా మిగిలిన ఫునై అదే ఏడాది జులైలో తయారీ మానుకుంది. అంటే ఓడిన ఫార్మాట్ టేపూ గెలిచిన ఫార్మాట్ మెషీనూ నాలుగు నెలల తేడాతో బజారు నుంచి వెళ్ళిపోయాయి. మీ నాన్నగారికి నిజంగా తగిలిన దెబ్బ అద్దెకు దొరికే సినిమాలు తగ్గిపోవడం, తెలిసినవారితో క్యాసెట్లు ఇచ్చిపుచ్చుకునే వీలు లేకపోవడం. అది చిన్న కష్టమని నేననను. కాని ఆయన తన చేత్తో రికార్డు చేసుకున్నవి పక్కింటివారి వీహెచ్‌ఎస్ క్యాసెట్ల కంటె ముందుగా మూగబోలేదు.

అసలు ముందుగా కొన్నవారి మీద జాలిపడాలంటే నేను ఫిలిప్స్ కొనుగోలుదారుల మీద పడతాను. ఆ సంస్థ 1972లోనే ఎన్1500 అనే ఇంటి రికార్డర్‌ను ఐరోపాలో అమ్మింది, బీటామాక్స్‌కు మూడేళ్ళు ముందు. 1977లో ఎన్1700 తెచ్చింది. క్యాసెట్ ఆకారం అదే, పెట్టె మీద పేరూ అదే, కాని ఎక్కువసేపు పట్టించడానికి టేపు వేగాన్ని సగానికంటె కిందికి తగ్గించడంతో పాత రికార్డింగులు కొత్త మెషీన్‌లో సరిగా రావు, కొత్తవి పాతదాంట్లో రావు. 1979లో రెండువైపులా తిప్పి పెట్టుకునే క్యాసెట్‌తో వీడియో 2000 అని మూడోది వచ్చింది, అది పై రెండింటితోనూ కలవదు. ఏడేళ్ళలో మూడు ఫార్మాట్లు, మూడూ ఒకే గుమ్మం నుంచి వచ్చినవి. అక్కడ పోటీదారుడెవరూ వచ్చి ఎవరినీ ఓడించలేదు.

ఇక గెలిచిన వీహెచ్‌ఎస్ లోపలి సంగతి. ఒకసారి ఒక పెద్దాయన ఆరు క్యాసెట్లు తెచ్చారు, అన్నీ వీహెచ్‌ఎస్సే, అన్నీ ఆయన కూతురి చిన్నతనానివే. అంతకుముందు మూడుచోట్ల ప్రయత్నించారట, ప్రతిచోటా తెర కింది భాగంలో తెల్లటి పట్టీ ఒకటి ఈదుతూ, బొమ్మ అంతా ఇసుక చల్లినట్టుగా వచ్చిందట. టేపులు పాడైపోయాయని చెప్పి పంపించారు. నేను ఒకదాన్ని పెట్టి, మెషీన్ చదివే చోటును టేపు మీది జాడకు సరిపెట్టే ట్రాకింగ్ చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ చూశాను. ఒకచోట బొమ్మ క్షణంపాటు తేటపడి మళ్ళీ చెదిరిపోయింది. అంటే టేపు మీద బొమ్మ ఉంది, నా మెషీన్‌లో టేపును చదివే హెడ్డు దాని దారి మీద నిలవడం లేదు. ఆయన ఆ రోజుల్లో క్యాసెట్ కలిసివస్తుందని అన్నిటినీ మూడోవంతు వేగంలో, అంటే ఆరు గంటలు పట్టే పద్ధతిలో రికార్డు చేశారు. అమెరికా, జపాన్ టీవీ పద్ధతి అయిన 525 గీతల వీహెచ్‌ఎస్‌లో మామూలు వేగంలో ఒక్కో బొమ్మ జాడ 58 మైక్రాన్ల వెడల్పు ఉంటుంది, ఈ నిదానపు వేగంలో 19 మైక్రాన్లకు పడిపోతుంది. అంత సన్నని దారి మీద, రికార్డు చేసిన మెషీన్‌లో టేపును నడిపించే గైడు పోస్టులు వెంట్రుకవాసి ఎత్తుపల్లాలుగా ఉన్నా, ఇంకో మెషీన్ ఆ దారిని పట్టుకోలేదు. ఆయన పాత మెషీన్ ఇంకా అటక మీద ఉందని తెలిసి, దాన్ని తెప్పించి, బెల్టు మార్చి, అదే మెషీన్‌లో ప్లే చేస్తే ఆరింటిలో ఐదు చక్కగా వచ్చాయి. ఆరోదానికి మాత్రం నా పనిమెషీన్ గైడు పోస్టులను ఆ టేపుకు తగ్గట్టు కావాలని అటూ ఇటూ జరిపి, పని అయ్యాక మళ్ళీ యథాస్థానానికి తేవలసి వచ్చింది.

ఆ పెద్దాయన కొన్నది గెలిచిన ఫార్మాట్. ఏ మెషీన్ మీద చూసినా అదే ముద్ర. అయినా ఆయన టేపులు ఒకే ఒక్క మెషీన్‌తో పొత్తు కుదుర్చుకుని కూర్చున్నాయి.

ఇటువంటివే ఇంకా ఉన్నాయి. 1987లో వచ్చిన, స్పష్టత పెంచిన ఎస్-వీహెచ్‌ఎస్ డెక్ మామూలు వీహెచ్‌ఎస్‌ను ప్లే చేస్తుంది, మామూలు డెక్‌లో ఎస్-వీహెచ్‌ఎస్ రికార్డింగు పెడితే బొమ్మ కాలిపోయినట్టు వస్తుంది. క్యాసెట్ రెండింటికీ లోపలికి పడుతుంది కనుక తప్పు టేపుదే అనుకుంటారు. 525 గీతల టేపును మన దేశంలోనూ ఐరోపాలోనూ వాడిన 625 గీతల మెషీన్‌లో పెట్టి పాడైందని పారేసినవారిని కూడా చూశాను.

డిస్కుల కాలానికి వస్తే, 2006లో హెచ్‌డీ డీవీడీ, బ్లూరే కొద్ది నెలల తేడాతో వచ్చాయి. 2008 జనవరిలో సినిమా సంస్థ వార్నర్ బ్లూరే వైపు నిలబడతానని ప్రకటించింది, ఫిబ్రవరి 19న తోషిబా హెచ్‌డీ డీవీడీని మానుకుంటున్నట్టు చెప్పింది. రెండేళ్ళలో ముగిసిన పోరాటం అది. హెచ్‌డీ డీవీడీ కొన్నవారు నష్టపోయారన్నది నిజమే. అయితే అదే కాలంలో బ్లూరే కొని, ఇంట్లో తొలితరం హెచ్‌డీ టీవీ పెట్టుకున్నవారి సంగతి ఎవరూ తలవరు. ఆ టీవీల్లో చాలావాటికి హెచ్‌డీఎంఐ సాకెట్ ఉండేది కాదు, మూడు రంగుల కాంపొనెంట్ తీగలతోనే పూర్తి స్పష్టత అందేది. బ్లూరే రక్షణ వ్యవస్థ అయిన ఏఏసీఎస్ లైసెన్సు నిబంధనల ప్రకారం 2010 తరువాత తయారైన ప్లేయర్లు ఆ తీగల మీద మామూలు డీవీడీ స్థాయి బొమ్మనే పంపాలి, 2013 తరువాత తయారైనవి అసలే పంపకూడదు. టీవీ బాగానే ఉంది, డిస్కు గెలిచింది, కాని మొదటి ప్లేయర్ పోయి రెండోది కొన్న రోజున ఆ ఇంట్లో బొమ్మ స్పష్టత తగ్గింది. ముందుగా కొనడంలో ఉన్న అసలు ప్రమాదం ఇటువంటిది.

ఇప్పుడు మీ డిస్కులు. అల్ట్రా హెచ్‌డీ బ్లూరేలో హెచ్‌డీఆర్ బొమ్మ ఉన్నదంటే అందులో హెచ్‌డీఆర్10 తప్పనిసరిగా ఉంటుంది. డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10+ రెండూ దానిమీద అదనంగా చేర్చేవి. డాల్బీ విజన్ ముద్ర ఉన్న డిస్కును మీ టీవీకి కలిపితే ప్లేయర్ ఆ అదనపు సమాచారాన్ని వదిలేసి కింది పొరను పంపుతుంది. నల్లతెర రాదు, రంగులు తేలిపోవు. మీకు రానిది ఒకటే: సన్నివేశం సన్నివేశానికీ వెలుగును టీవీ సామర్థ్యానికి సరిపెట్టే సూచనలు. మీ టీవీ వెలుగు బాగా ఎక్కువ ఇచ్చేదైతే ఆ తేడాను పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప పట్టుకోలేరు, తక్కువ వెలుగు టీవీ అయితే చీకటి సన్నివేశాల్లో కొంత తెలుస్తుంది. రేపు డాల్బీ విజన్ ఉన్న టీవీ కొంటే, మీ ప్లేయర్‌లో కూడా ఆ సౌకర్యం ఉండాలని మాత్రం గుర్తుంచుకోండి. టీవీలో ఉండి ప్లేయర్‌లో లేకపోతే లాభం లేదు. ఈ డిస్కులకు ప్రాంతాల కోడ్ కూడా లేదు. డీవీడీలకూ మామూలు బ్లూరేలకూ ఉన్న ప్రాంతపు తాళం మాత్రం అదే ప్లేయర్‌లో కూడా అలాగే ఉంటుంది.

అందుకే డిస్కుల గురించి దిగులు వద్దన్నాను. ఈ ఏర్పాటు చేసినవారు ముందుతరాల తగాదాలు చూసినవారు. వాదులాట ఎంత ఉన్నా కింద అందరికీ పనికివచ్చే పొర ఒకటి ఉండేలా చూశారు. లేజర్‌డిస్క్ రోజుల్లోనూ ఇలాంటి తెలివైన పని ఒకటి జరిగింది. 525 గీతల డిస్కులకు తరువాత డిజిటల్ ధ్వనిని చేర్చినప్పుడు పాత అనలాగ్ ధ్వనిని తీసివేయలేదు, అందువల్ల తొలినాటి ప్లేయర్లు నోరు మూసుకోలేదు.

రిసీవర్ దగ్గర మాత్రం ఇంత ఉదారంగా మాట్లాడలేను. 4కె డిస్కు నుంచి బొమ్మ బయటికి రావాలంటే ప్లేయర్ నుంచి తెర దాకా దారిలో ఉన్న ప్రతి పెట్టే నకలు తీయకుండా అడ్డుకునే హెచ్‌డీసీపీ 2.2 అనే తాళానికి జవాబు చెప్పగలగాలి. 2013లో కొన్న రిసీవర్‌లో అది ఉండే అవకాశం లేదనే చెప్పాలి, హెచ్‌డీఎంఐ 2.0 ప్రమాణం ప్రకటించినదే ఆ సంవత్సరం సెప్టెంబరులో. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో చేర్చగలిగినది కూడా కాదు, లోపలి చిప్ మారాలి. దారి మధ్యలో అలాంటి పెట్టె ఉంటే, ప్లేయర్‌ను బట్టి, బొమ్మను 1080 గీతలకు దింపి హెచ్‌డీఆర్ తీసేసి పంపుతుంది, లేదా ఒక హెచ్చరిక చూపించి ఊరుకుంటుంది. మొదటి రకమే ఎక్కువ మోసం చేస్తుంది, బొమ్మ వస్తోంది కదా అని ఎవరూ అనుమానించరు. ఒక ఇంట్లో ఏడాదిన్నరపాటు 4కె డిస్కులు కొంటూ 1080 బొమ్మనే చూస్తున్నారని, టీవీ రిమోట్‌లో సమాచారం మీట నొక్కి చూపించేదాకా ఆ ఇంటివారికి తెలియదు. మీరూ ఇవాళే ఆ మీట నొక్కి చూడండి, 3840 × 2160 అనీ హెచ్‌డీఆర్ అనీ కనిపించాలి.

రిసీవర్ మార్చకుండానే దీనికి దారి ఉంది. మీ ప్లేయర్ వెనక రెండు హెచ్‌డీఎంఐ సాకెట్లు ఉంటే మీరు అదృష్టవంతులు: ఒకటి వీడియోకు, రెండోది కేవలం ధ్వనికి. మొదటిదాన్ని నేరుగా టీవీకీ రెండోదాన్ని రిసీవర్‌కూ కలపండి. అంతటితో సమస్య తీరిపోతుంది, ధ్వని నాణ్యత ఇసుమంతైనా తగ్గదు. ఒక్క సాకెటే ఉంటే ప్లేయర్‌ను టీవీకి కలిపి, టీవీ నుంచి ధ్వనిని వెనక్కి రిసీవర్‌కు తెచ్చుకోవాలి. మీ రిసీవర్‌లో ఏఆర్‌సీ, అంటే టీవీ ధ్వనిని హెచ్‌డీఎంఐ తీగ మీదే వెనక్కి తెచ్చే సౌకర్యం, ఉంటే అది కుదురుతుంది, లేకపోతే ఆప్టికల్ తీగ. రెండు పద్ధతుల్లోనూ డిస్కులో ఉన్న కుదించని ధ్వని రాదు, కుదించిన డాల్బీ డిజిటల్ స్థాయిది వస్తుంది. కుదించనిది ఆ దారిన రావాలంటే ఏఆర్‌సీకి మెరుగైన రూపమైన ఈఏఆర్‌సీ కావాలి, అది 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చినది కనుక మీ రిసీవర్‌లో ఉండదు. మామూలు గదిలో మామూలు స్పీకర్లతో వింటున్నవారికి ఈ తేడా కోసం కొత్త రిసీవర్ కొనమని నేనెప్పుడూ చెప్పను.

కొనేముందు చూసుకోవలసినవి ఇంకో రెండు ఉన్నాయి. టీవీలో ఏ సాకెట్‌కు కలిపారో చూడండి. తొలినాటి 4కె టీవీల్లో నాలుగు సాకెట్లు ఉన్నా ఒకటో రెండో మాత్రమే హెచ్‌డీసీపీ 2.2కు జవాబు చెప్పేవి. కొత్తవాటిలో కూడా పూర్తి సామర్థ్యపు సంకేతాన్ని అనుమతించే అమరిక ఒకటి సాకెట్‌కు ఒకటి చొప్పున మెనూలో ఉంటుంది. చాలా టీవీలు దాన్ని మూసి ఉంచే అమ్ముతాయి. దాన్ని తెరవకపోతే 4కె వస్తుంది, హెచ్‌డీఆర్ రాదు. రెండోది తీగ. సెకనుకు 18 గిగాబిట్లు మోయగలిగేది కావాలి. పాత తీగతో బొమ్మ మధ్యమధ్య రెండు క్షణాలు నల్లబడి మళ్ళీ వస్తుంటే ప్లేయర్‌ను తిట్టకుండా ముందు తీగను మార్చి చూడండి.

ఒకే ఒక్క డిస్కు ఎప్పుడూ ఒకేచోట ఆగిపోతుంటే అది ఫార్మాట్ దోషం కాదు. 100 జీబీ డిస్కులకు మూడు పొరలు, లేజర్ లోపలి పొరను చదివేటప్పుడు వేలిముద్ర కూడా అడ్డమే. మెత్తటి గుడ్డతో నడిమి నుంచి అంచు వైపు నిలువుగా తుడవండి, గుండ్రంగా తిప్పి తుడవకండి.

ఇక నేను నిజంగా జాగ్రత్తపడమని చెప్పేది పరాయి అనుమతి మీద ఆధారపడేవాటి విషయంలో. 1998లో అమెరికాలో డివ్‌ఎక్స్ అనే డిస్కు పద్ధతి ఒకటి వచ్చింది. డిస్కు మీ దగ్గరే ఉంటుంది, కాని మొదటిసారి చూసిన 48 గంటల తరువాత మళ్ళీ చూడాలంటే ప్లేయర్ టెలిఫోన్ లైను మీద కంపెనీని అడగాలి. మరుసటి సంవత్సరమే దాన్ని ఎత్తేశారు, 2001లో ఆ వ్యవస్థను పూర్తిగా ఆపేశారు. ఆ డిస్కులు ఈ రోజు గుండ్రటి అద్దాలు. కొన్న సినిమాల డిజిటల్ హక్కులను దాచే ఆన్‌లైన్ ఖజానాగా పెట్టిన అల్ట్రావయొలెట్ 2019 జులై 31న మూతపడింది. చాలామంది తమ కొనుగోళ్ళను వేరే సేవలకు ముందే ముడిపెట్టుకుని కాపాడుకున్నారు, ముడిపెట్టుకోని వారికి ఆ దారి మూసుకుపోయింది. కంప్యూటర్‌లో 4కె డిస్కులు చూసుకుందామని డ్రైవు కొన్నవారి కథ ఇంకా విచిత్రం. ఆ డిస్కులను అధికారికంగా చూపించే సాఫ్ట్‌వేర్‌కు ఇంటెల్ ప్రాసెసర్‌లో ఎస్‌జీఎక్స్ అనే రక్షణ భాగం కావాలి, ఆ సంస్థ 11వ తరం నుంచి ఇంటి కంప్యూటర్ల ప్రాసెసర్లలో ఆ భాగాన్ని తీసేసింది. కంప్యూటర్‌ను మెరుగైనదానికి మార్చుకున్న పాపానికి డిస్కులు రాకుండా పోయాయి. కాబట్టి మీ డిస్కులకు విడి ప్లేయరే శ్రేయస్కరం, కంప్యూటర్ డ్రైవును నమ్ముకోకండి.

విడి ప్లేయర్ అన్నానంటే అదీ శాశ్వతమని కాదు. ఈ ఫార్మాట్‌కు ఎదురుగా పోటీ డిస్కు లేదు, అందుచేత ఒక్కరోజులో ఓడిపోయే ప్రమాదం లేదు. నెమ్మదిగా చిక్కిపోతుంది. ఒప్పో 2018లోనూ శామ్‌సంగ్ 2019లోనూ ప్లేయర్ల రంగం నుంచి తప్పుకున్నాయి. ప్లేయర్‌లో మొదట నీరసించేది లేజర్, దాన్ని మార్చడానికి విడిభాగం దొరికేది తయారీ నడుస్తున్నంతకాలమే. పాతిక డిస్కుల కోసం రెండో ప్లేయర్ కొనమని నేను చెప్పను. అవి నూటయాభై అయ్యాయంటే మాత్రం ఒకటి కొని, ఏడాదికి రెండుసార్లు నడిపి, మళ్ళీ పెట్టెలో పెట్టమంటాను. నడపకుండా దాస్తే లోపలి రబ్బరు భాగాలు ఒకవైపు అణిగిపోయి మొరాయిస్తాయి.

ఇప్పుడు క్యాసెట్ల పెట్టె. దీన్నే నేను మొదట అడగవలసిన ప్రశ్న అంటాను, ఎందుకంటే సినిమా డిస్కు పోతే ఇంకోటి ఎక్కడో ఉంటుంది, మీ నాన్నగారి టేపులకు రెండో ప్రతి లేదు.

ముందుగా క్యాసెట్లను ఏ మెషీన్‌లోనూ పెట్టకండి. ఒక్కొక్కదాన్ని వెలుతురులో పట్టుకుని క్యాసెట్ మీది చిన్న కిటికీలోంచి టేపు చుట్ట అంచును చూడండి. నల్లగా, నున్నగా ఉండాలి. పిండి చల్లినట్టు తెల్లటి మచ్చలు ఉంటే అది బూజు. దాన్ని మంచి మెషీన్‌లో పెడితే బూజు హెడ్ల మీదికి ఎక్కి, తరువాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కూ అంటుకుంటుంది. అలాంటివాటిని విడిగా సంచిలో కట్టి, శుభ్రం చేసే పరికరం ఉన్నవారికే ఇవ్వండి. బాగున్నవాటికి రికార్డింగును అడ్డుకునే చిన్న ప్లాస్టిక్ పలుకును విరిచేయండి, వీహెచ్‌ఎస్‌కు అది వెన్ను మీద, బీటాకు అడుగున ఉంటుంది. పొరపాటున రికార్డు మీట నొక్కి పెళ్ళి మీద వార్తలు ఎక్కించినవారి కన్నీళ్ళు చూశాను కాబట్టి ఇది మరీ మరీ చెబుతున్నాను.

బీటా క్యాసెట్ మీద ఎల్-500, ఎల్-750 అని ఉండే అంకెలు అడుగుల్లో టేపు పొడవు, నిమిషాలు కావు. అవి 625 గీతల పద్ధతిలో రికార్డు చేసినవైతే మీ పని సులువు, ఆ పద్ధతి బీటాకు ఒకే వేగం. 525 గీతలవైతే మూడు వేగాలు ఉంటాయి. తొలినాటి గంట వేగంలో రికార్డు చేసినవి ఉంటే, దాన్ని చదవగలిగే డెక్ ఎక్కించేవారి దగ్గర ఉందో లేదో ముందే అడగండి, ఎందుకంటే తరువాత వచ్చిన మెషీన్లలో కొన్ని ఆ వేగాన్ని చదవవు. మీ నాన్నగారి పాత మెషీన్ ఇంట్లో ఉంటే పారేయకండి, కరెంటు కూడా పెట్టకండి. ఏళ్ళ తరబడి నిలవున్న మెషీన్‌లో బెల్టులు కరిగి తారులా కారి ఉంటాయి. బీటాలో క్యాసెట్ పెట్టగానే టేపు బయటికి వచ్చి హెడ్లు ఉండే డ్రమ్ము చుట్టూ చుట్టుకుంటుంది కనుక, మధ్యలో బెల్టు జారితే టేపు లోపలే నలిగిపోతుంది. దాన్ని అలాగే ఎక్కించేవారి దగ్గరకు తీసుకువెళ్ళండి. ఇందాక చెప్పిన పెద్దాయన కేసులోలాగ, రికార్డు చేసిన మెషీనే కొన్నిసార్లు ఆ టేపుకు సరైన తాళంచెవి.

ఫైలుగా మార్చేవారిని మూడు ప్రశ్నలు అడగండి. గీతల సమయపు తడబాటును సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ వాడతారా అన్నది మొదటిది. లేకపోతే బొమ్మలో నిలువు గీతలు వణుకుతాయి. ఒకటి విడిచి ఒకటిగా వచ్చే గీతలను అలాగే ఉంచి ఫైలు ఇస్తారా అన్నది రెండోది, ఎక్కించేటప్పుడే కలిపేస్తే సెకనుకు 50 కదలికలు 25కు పడిపోయి మళ్ళీ రావు. మూడోది, చూసుకోవడానికి ఇచ్చే చిన్న ఫైలుతోపాటు మూల ఫైలు కూడా ఇస్తారా అని. మూల ఫైలుకు నాణ్యత ఏమాత్రం పోగొట్టని ఎఫ్‌ఎఫ్‌వీ1 అనే పద్ధతి ఉత్తమం, దాని వివరాలు బహిరంగ ప్రమాణంగా ఉన్నాయి, ఎవరి అనుమతీ అక్కరలేదు. కొంత కుదించే డీవీ అనే పద్ధతిలో ఇచ్చినా ఫరవాలేదు, గంటకు సుమారు 13 జీబీ అవుతుంది. డీవీడీగా మాత్రమే ఇస్తామంటే ఒప్పుకోకండి.

డీవీడీ అనగానే గుర్తొచ్చింది. మీ పెట్టెలో ఇంటి డీవీడీ రికార్డర్‌లోనో, చిన్న డిస్కుల కెమెరాలోనో రాసినవి ఉంటే వాటిని ఇప్పుడే వేరే ప్లేయర్‌లో పెట్టి చూడండి. ఖాళీ డిస్కు అని చూపిస్తే భయపడకండి. రికార్డర్‌లో ఫైనలైజ్ అనే చివరి మీట నొక్కకపోతే విషయసూచిక రాయబడదు, బొమ్మ మాత్రం డిస్కు మీద ఉంటుంది. ఒక తల్లి తన బిడ్డ మొదటి రెండేళ్ళవి తొమ్మిది డిస్కులు అలా తెచ్చింది. రికార్డర్ అప్పటికే పాతసామాన్లవాడి దగ్గరకు వెళ్ళిపోయింది. కంప్యూటర్‌లో డిస్కును సెక్టారు సెక్టారుగా, అంటే చిన్న ముక్కలుగా వరుసగా, చదివించి ఎనిమిదింటిని తీయగలిగాను. తొమ్మిదోదాని అంచున రంగుపొర ఊడిపోయింది, అందులోంచి పదకొండు నిమిషాలే దక్కాయి.

మీ ప్లేయర్ వెనక హెచ్‌డీఎంఐ సాకెట్లు ఒకటా రెండా, రిసీవర్ వెనక సాకెట్ పక్కన ఏఆర్‌సీ అన్న అక్షరాలు ఉన్నాయా, పెట్టెలో బీటా ఎన్ని, వీహెచ్‌ఎస్ ఎన్ని, బూజు పట్టినవి ఎన్ని అన్నది చూసి రాయండి. క్యాసెట్లలో ఏది ముందు ఎక్కించాలో అప్పుడు వరుస చెబుతాను.